చెడ్డ కబురు మీ దాకా రావాలంటే: ఒక ఇన్‌ఛార్జ్ సిస్టర్ అనుభవం

ఉదయం ఎనిమిదింటికి నైట్ డ్యూటీ వాళ్ల దగ్గర్నుంచి వార్డు అప్పగింత, అదే హ్యాండోవర్, తీసుకుంటున్నాను. బెడ్ 14 దగ్గర చార్టు తిప్పితే ఒక విచిత్రం కనిపించింది. రాత్రి పదకొండుకు షుగర్ చూశారు. పన్నెండుకు చూశారు. ఒంటిగంటకు, రెండుకు, మళ్లీ మూడుకు. మూడింటికి 48 ఉంది, అంటే ప్రమాదకరంగా పడిపోయింది. గ్లూకోజ్ ఎక్కించాక నాలుగుకల్లా 130కి వచ్చింది. గంటగంటకీ చూడమని డాక్టరుగారు ఎక్కడా రాయలేదు.

"గంటకోసారి చూడమని ఎవరు చెప్పారమ్మా?" అని అడిగాను. నైట్ డ్యూటీ అమ్మాయి తల వంచుకుని నిలబడింది. కాసేపటికి కళ్లనీళ్లు పెట్టుకుంది.

జరిగింది ఇదీ. మన దగ్గర ఇన్సులిన్ వయల్స్ రెండు రకాలుగా వస్తాయి. మిల్లీలీటరుకి 40 యూనిట్లు ఉండేది ఒకటి, 100 యూనిట్లు ఉండేది ఇంకొకటి. 40 దానికి ఎర్ర మూత సిరంజీ వాడాలి, 100 దానికి నారింజ మూత సిరంజీ వాడాలి. ఆ పేషెంటుకి పడుకునే ముందు ఇచ్చేది 100 రకం. ఈ అమ్మాయి దాన్ని ఎర్ర మూత సిరంజీతో 10 గీత దాకా లాగింది. అంటే పావు మిల్లీలీటరు. 10 యూనిట్లు వెళ్లాల్సిన చోట 25 వెళ్లాయి.

పదిన్నరకి సిరంజీ పారేయబోతూ మూత రంగు చూసుకుందట. పేషెంటును గాలికి వదిలేయలేదు పాపం, గంటగంటకీ వేలు గుచ్చి షుగర్ చూసుకుంటూ కూర్చుంది. చెమటలు పట్టగానే డ్యూటీ డాక్టర్‌ని పిలిచింది. సిరంజీ సంగతి మాత్రం డాక్టర్‌కీ చెప్పలేదు, నాకూ ఫోన్ చేయలేదు. పేషెంటు మూడోరోజు క్షేమంగా ఇంటికి వెళ్లాడు.

ఆ అమ్మాయి నాకెందుకు ఫోన్ చేయలేదో నాకు తెలుసు. అంతకు రెండు వారాల ముందు ఆమె పేషెంటుకి సెలైన్ బాటిల్ అయిపోయి ట్యూబులోకి రక్తం వెనక్కి వచ్చింది. అటెండర్లు, అంటే పేషెంటు తరఫు వాళ్లు, గోల చేశారు. నేను వెళ్లి ఆ అటెండర్ల ముందే, "చదువుకునే వచ్చావా, సర్టిఫికెట్ ఎక్కడైనా కొనుక్కొచ్చావా?" అన్నాను. అలా అన్న మనిషికి రాత్రి పదిన్నరకి ఫోన్ చేసి తప్పు చేశానని ఎవరు చెప్తారు?

నాది ఖమ్మం జిల్లా. జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా చేసి హైదరాబాద్ వచ్చి 19 ఏళ్లయింది. అందులో ఏడేళ్లు ఇన్‌ఛార్జ్‌గా చేశాను. సూపర్‌వైజర్ పోస్టు ఒకసారి చేతిదాకా వచ్చి పోయింది. "మీ పనికి వంక పెట్టలేం సిస్టర్, కానీ మీ కింద స్టాఫ్ నిలబడటం లేదు" అన్నారు. అప్పుడు మండిపోయాను. 14వ బెడ్ చార్టు చూశాకగానీ ఆ మాట నాకు ఎక్కలేదు. ఆ తర్వాత నేను మార్చుకున్నవే ఇక్కడ రాస్తున్నాను. మీరు పనిచేసేది బ్యాంకులోనో, బడిలోనో, సాఫ్ట్‌వేర్ కంపెనీలోనో అయితే బెడ్ నంబర్ల బదులు మీ లెక్కలు వేసుకోండి.

మన మనసులో ఏముందో, ఎదుటివాళ్ల మనసులో ఏముందో గుర్తుపట్టి దానికి తగ్గట్టు నడుచుకోవడానికి ఎమోషనల్ ఇంటెలిజెన్స్ అని పేరుంది. 1990లో పీటర్ సాలొవే, జాన్ మేయర్ అనే ఇద్దరు సైకాలజిస్టులు దాని మీద వ్యాసం రాశారు. 1995 నుంచి డేనియల్ గోల్‌మన్ రాతల వల్ల ఆ మాట ఆఫీసులన్నింట్లోకీ పాకింది. మాకూ ఒక పూట ట్రైనింగ్ ఇచ్చారు, సమోసాలు పెట్టారు. మర్నాడు మధ్యాహ్నం నేను మళ్లీ అరిచాను.

ముందు మీ ఒంటిని పట్టుకోండి

కోపం మాట రూపంలో బయటికి రాకముందే ఒంట్లో ఎక్కడో కనిపిస్తుంది. నాకైతే చెవులు వేడెక్కుతాయి, చేతిలో పెన్ను టిక్కుటిక్కుమంటుంది. మీకు దవడ బిగుసుకోవచ్చు, గొంతు సన్నబడొచ్చు. అదేమిటో తెలియాలంటే పదిహేను రోజులు రాయాలి. నేను రోస్టర్ పుస్తకం, అంటే ఎవరికి ఏ డ్యూటీయో రాసే పుస్తకం, వెనక పేజీల్లో ఐదు గళ్లు గీసుకున్నాను: టైము, ఎవరితో, ఏం జరిగింది, ఒంట్లో ఏమైంది, నేనేమన్నాను. చివరి గడి నిజాయితీగా నింపడం కష్టం. అన్న మాట అన్నట్టే రాయాలి, "కొంచెం గట్టిగా చెప్పాను" అని రాస్తే లాభం లేదు.

పదిహేను రోజుల్లో పదకొండు గొడవలు తేలాయి. వాటిలో ఎనిమిది మధ్యాహ్నం ఒంటిగంటకీ రెండుంబావుకీ మధ్య జరిగాయి. చూసి నేనే నవ్వుకున్నాను. మార్నింగ్ డ్యూటీ ఎనిమిది నుంచి రెండు దాకా. ఆరున్నరకి రెండు ఇడ్లీలు తిని బస్సెక్కిన దాన్ని, ఆ తర్వాతంతా టీ మీదే నడుస్తాను. రెండింటికి ఈవెనింగ్ వాళ్లకి అప్పజెప్పాలి. సరిగ్గా అప్పుడే డిశ్చార్జులు, బిల్లింగ్ వాళ్ల ఫోన్లు, ఇంకా రాయని నోట్సు. నేను ఇన్నాళ్లూ స్టాఫ్ నిర్లక్ష్యం అనుకున్న దాంట్లో సగం నా ఆకలే.

అప్పట్నుంచి పన్నెండున్నరకి ఒక అరటిపండు, గుప్పెడు పల్లీలు తింటున్నాను. ఒంటిగంట నుంచి రెండు దాకా ఎవరి తప్పూ దిద్దను, పేషెంటుకి ప్రమాదం ఉంటే తప్ప. ధ్యానం చేయమని చాలామంది చెప్పారు, చేసేవాళ్లకి మంచిదే. నాకు పల్లీలు పనిచేశాయి.

"టెన్షన్" అనేసి ఊరుకోకండి

మా వార్డులో అందరికీ అన్నింటికీ ఒకటే మాట, టెన్షన్‌గా ఉంది. డాక్టర్ తిడితే టెన్షన్, పిల్లాడికి జ్వరమొస్తే టెన్షన్, లీవు దొరక్కపోతే టెన్షన్. తెలుగులో ఇన్ని మాటలు పెట్టుకుని ఒకే మాటతో నెట్టుకొస్తే లోపల ఏముందో మనకే తెలియదు. నేను వాడుకునేవి ఇవి: చిరాకు, కంగారు, విసుగు, బెంగ, అవమానం, ఉక్రోషం.

ఇదేదో భాషాభిమానంతో చెప్తున్నది కాదు. మాట మారితే చేయాల్సిన పని మారుతుంది. చిరాకు అయితే తినాలి, కాసేపు కూర్చోవాలి. కంగారు అయితే తెలియనిదేదో ఉంది, అడిగి తెలుసుకోవాలి. బెంగ అయితే ఇంటికి ఒక ఫోన్ చేసుకోవాలి. మిమ్మల్ని ఎక్కువగా ముంచేది ఉక్రోషం. పైవాడు అన్నదానికి వాణ్ని ఏమీ అనలేక, కిందివాళ్ల మీద చూపించేది అదే. సెలైన్ బాటిల్ రోజున కూడా అంతే, అరగంట ముందు రౌండ్స్‌లో ఒక పెద్ద డాక్టరు ఫైల్ కనపడలేదని నన్ను అందరి ముందూ నిలబెట్టి అడిగారు. ఆ మంటని తీసుకెళ్లి ఆ పిల్ల మీద పోశాను. "నాకిప్పుడు ఉక్రోషంగా ఉంది, ఇది ఈ పిల్ల వల్ల కాదు" అని ఆ క్షణం లోపల అనుకోగలిగి ఉంటే, కనీసం అటెండర్ల ముందు నోరు జారేదాన్ని కాదు.

తప్పు దిద్దేటప్పుడు

చోటు ముఖ్యం. పేషెంటు ముందు, అటెండర్ల ముందు, నర్సింగ్ స్టేషన్ దగ్గర వద్దు. మాకు లినెన్ రూమ్ ఉంది, దుప్పట్ల మధ్య రెండు స్టూళ్లు వేశాను. మొదట్లో లినెన్ రూముకి రమ్మంటేనే తిట్టడానికని అందరూ బెదిరిపోయేవాళ్లు. అందుకని బాగా చేసిన పని గురించి చెప్పడానికి కూడా అక్కడికే పిలవడం మొదలుపెట్టాను. ఇప్పుడు పిలిస్తే ఎందుకో ఎవరికీ ముందే తెలియదు. అదే నాకు కావాల్సింది.

మాట వరస ఇలా ఉంటుంది. "బెడ్ 6కి పదింటి యాంటీబయాటిక్ పదకొండున్నరకి వెళ్లినట్టు రాసుంది. ఆలస్యమైతే మందు పని తగ్గుతుంది. ఏమైందమ్మా ఆ టైములో?" అంతే. చూసింది చెప్పడం, దానివల్ల ఏమవుతుందో చెప్పడం, అడగడం. "నువ్వెప్పుడూ ఇంతే" అనే మాట నా నోట్లోంచి తీసేయడానికి ఆరు నెలలు పట్టింది. అడిగాక నోరు మూసుకోవడం అంతకంటే కష్టం. లోపల పది దాకా లెక్కపెడతాను. చాలాసార్లు ఎనిమిదో తొమ్మిదో అంకె దగ్గర అసలు సంగతి బయటికి వస్తుంది: ఫార్మసీ నుంచి మందు రాలేదనో, పక్క బెడ్డు పెద్దాయన వాంతి చేసుకుంటే అక్కడుండిపోయాననో.

చెడ్డ కబురు వచ్చినప్పుడు మీ మొదటి మాట

హార్వర్డ్ ప్రొఫెసర్ ఎమీ ఎడ్మండ్‌సన్ 1990ల్లో ఆసుపత్రుల్లో మందుల పొరపాట్ల మీద పరిశోధన చేశారు. బాగా కలిసి పనిచేసే టీముల్లో పొరపాట్లు తక్కువుంటాయని ఆమె అనుకున్నారు. లెక్కలు తిరగబడ్డాయి, మంచి టీముల్లోనే ఎక్కువ పొరపాట్లు నమోదయ్యాయి. తరచి చూస్తే, అక్కడ జనం భయం లేకుండా చెప్పుకుంటున్నారు. మిగతా చోట్ల దాచుకుంటున్నారు. ఇది విన్నప్పుడు నాకు మా ఇన్సిడెంట్ రిపోర్టుల ఫైలు గుర్తొచ్చింది. నా వార్డు ఫైలు ఎప్పుడూ పల్చగా ఉండేది, మీటింగుల్లో దాన్ని గర్వంగా చూపించేదాన్ని.

ఇప్పుడు ఎవరైనా వచ్చి "మేడమ్, ఒక పొరపాటు జరిగింది" అంటే నా వరస మారదు: "చెప్పి మంచి పని చేశావు. పేషెంటు ఎలా ఉన్నారు?" ముందు పేషెంటును చూడటం, డాక్టర్‌కి చెప్పడం. తర్వాత కాగితం. ఎవరు, ఎందుకు అనేది అన్నింటికంటే చివర, వీలైతే మర్నాడు. ఈ మొదటి వాక్యాన్ని అద్దం ముందు నిలబడి సాధన చేశాను, నవ్వుకోండి పర్లేదు. ఎందుకంటే ఒకమ్మాయి నాతో అంది, "మీరేమీ అనకపోయినా మీ కనుబొమలు అంటాయి మేడమ్."

అలాగని అన్నీ క్షమించేస్తానని కాదు. పొరపాటు వేరు, చూడకుండానే చూసినట్టు బీపీ రాయడం వేరు. రెండోది నా దగ్గర ఒక్కసారికే పై దాకా వెళ్తుంది, ఆ సంగతి ఉద్యోగంలో చేరిన రోజే అందరికీ చెప్తాను.

పండగ సెలవులు

నాయకత్వం మీద ఎన్ని క్లాసులు విన్నా రోస్టర్ గురించి ఎవరూ చెప్పలేదు. నా లెక్కన వార్డులో మనుషుల మధ్య ఏముందో మొత్తం ఆ కాగితంలోనే ఉంటుంది. ఎవరికి ఆదివారాలు పడుతున్నాయి, ఎవరికి వరసగా నైట్లు పడుతున్నాయి, ఎవరు అడక్కుండానే లీవు పొందుతున్నారు, అంతా. మీరు ఎంత తియ్యగా మాట్లాడినా స్టాఫ్ చదివేది ఆ కాగితాన్నే.

మా దగ్గర ఆంధ్రావాళ్లకి సంక్రాంతి కావాలి. ఇక్కడి వాళ్లకి బతుకమ్మ, దసరా కావాలి. కేరళ అమ్మాయిలు ఓనం, క్రిస్మస్ అడుగుతారు. ఇద్దరు రంజాన్‌కి సెలవు కావాలంటారు. ఇదివరకు ఎవరు ముందు అడిగితే వాళ్లకి ఇచ్చేదాన్ని. అంటే గట్టిగా అడగగలిగినవాళ్లకే దక్కేవి. రెండేళ్లు వరసగా పండక్కి డ్యూటీ చేసి నోరెత్తని ఒకావిడ ఉండేది. మూడో ఏడు రాజీనామా ఇచ్చింది. కారణం "వ్యక్తిగతం" అని రాసింది. ఆ తర్వాత పుస్తకం తిరగేస్తేగానీ నాకు తెలియలేదు.

ఇప్పుడు విడిగా ఒక పుస్తకం పెట్టాను. ఏ పండక్కి ఎవరు డ్యూటీ చేశారో అందులో ఉంటుంది, ఎవరైనా తీసి చూడొచ్చు. ఏడాది మొదట్లోనే ప్రతి ఒక్కరూ తమకి అన్నింటికంటే ముఖ్యమైన పండగ ఒకటి రాస్తారు. అది వీలైనంతవరకు ఇస్తాను, ఒకే పండక్కి ఎక్కువమంది పోటీపడితే పోయినేడు చేసినవాళ్లకి ముందు. మొదటి ఏడాది సంక్రాంతికి నా పేరు కూడా డ్యూటీలో వేసుకున్నాను. భోగి రోజు పొద్దున ఊళ్లో మంటలు వేస్తున్న ఫోటోలు మా తమ్ముడు పంపిస్తుంటే నేను బెడ్ 22కి కాథెటర్ మారుస్తున్నాను. ఆ పూట డ్యూటీలో ఉన్న నలుగురూ ఆ తర్వాత నాతో మాట్లాడే తీరు మారింది.

అటెండర్లు కేకలు వేస్తుంటే

"అరవకండి", "శాంతంగా ఉండండి" అనే మాటలు అగ్గి మీద ఆజ్యం. ఒక పేషెంటు వెనక పదిమంది వస్తారు, అందరూ అరుస్తారు, నిర్ణయం తీసుకునేది ఒక్కరే. చాలాసార్లు ఆ ఒక్కరు మూలన మాట్లాడకుండా నిలబడి ఉంటారు, లేదంటే ఫోన్లో దుబాయ్ నుంచి మాట్లాడుతుంటారు. వాళ్లెవరో కనిపెట్టి, "బాబాయ్, మీరిలా వచ్చి కూర్చోండి" అని పక్కకి తీసుకెళ్తాను. నిలబడ్డవాళ్ల గొంతు కూర్చుంటే కొంత దిగుతుంది. తర్వాత తెలిసింది తెలిసినట్టు చెప్పి, టైము చెప్తాను: "పది నిమిషాల్లో డాక్టరుగారితో మాట్లాడి వస్తాను." పదో నిమిషానికి వెళ్లి తీరాలి, కొత్త కబురేమీ లేకపోయినా సరే. "ఇంకా మాట్లాడలేకపోయాను బాబాయ్, ఆయన ఆపరేషన్ థియేటర్‌లో ఉన్నారు" అని చెప్పడానికైనా వెళ్లాలి.

చెయ్యి లేస్తే మాత్రం సానుభూతి అక్కడితో ఆపండి. సెక్యూరిటీని పిలవండి, స్టాఫ్‌ని వెనక్కి తీసుకోండి. ఆసుపత్రుల మీద, సిబ్బంది మీద దాడులకి శిక్షపడేలా ఉమ్మడి రాష్ట్రంలో 2008లోనే చట్టం వచ్చింది. దెబ్బలు తినడం ఓర్పు కిందికి రాదని మా పిల్లలకి చేరిన వారంలోనే చెప్తాను.

పైవాళ్లతో

రాత్రి రెండింటికి డాక్టర్‌కి ఫోన్ చేయాలంటే జూనియర్లకి వణుకు. "సర్, బెడ్ 9 బాగాలేదు సర్, కొంచెం చూస్తారా" అంటారు. నిద్రలో ఉన్న మనిషికి అందులో ఏం అర్థమవుతుంది? దీనికి ఎస్‌బార్ అనే పద్ధతి ఉంది. అమెరికా నేవీ జలాంతర్గాముల్లో పుట్టి ఆసుపత్రుల్లోకి వచ్చింది. నాలుగు ముక్కలు: ఇప్పుడేం జరుగుతోంది, వెనక కథేమిటి, నాకేమనిపిస్తోంది, మీ నుంచి ఏం కావాలి.

"సర్, నాలుగో అంతస్తు మెడికల్ వార్డు నుంచి. బెడ్ 9, 62 ఏళ్ల పెద్దాయన, బీపీ 90 బై 60కి పడింది, పల్స్ 118. నిన్న నిమోనియాతో చేరారు, సాయంత్రం దాకా బీపీ 130 ఉంది. ఇన్‌ఫెక్షన్ ముదురుతోందేమో అనిపిస్తోంది. మీరు వచ్చి చూడాలి సర్. ఈలోగా ఫ్లూయిడ్స్ పెట్టమంటారా?" ఇరవై సెకన్లు పట్టదు. మూడో ముక్క దగ్గరే మనవాళ్లు ఆగిపోతారు, "నాకనిపిస్తోంది" అనడానికి నోరు రాదు. అందుకే నేను హ్యాండోవర్‌లో రోజూ అడుగుతాను, "నీకేమనిపిస్తోందమ్మా?" అని. రోజూ అడిగితే రాత్రి రెండింటికి ఆ మాట దానంతటదే వస్తుంది.

మేనేజ్‌మెంట్ దగ్గరా ఇదే వరస. నైట్‌కి ఒక మనిషి ఎక్కువ కావాలని మొదటిసారి ఏడుపు గొంతుతో వెళ్లాను, ఖాళీ చేతులతో వచ్చాను. రెండోసారి నెల రోజుల లెక్క పట్టుకెళ్లాను: ఏ రాత్రి ఎంతమంది పేషెంట్లు, ఎన్ని అడ్మిషన్లు, ఎంతమంది సిస్టర్లు. మనిషిని ఇచ్చారు. సూపర్‌వైజర్ పోస్టు కూడా ఆ తర్వాతి ఏడాదే వచ్చింది.

క్షమాపణ

14వ బెడ్ సంగతి తెలిసిన రోజు నేను ఇన్సిడెంట్ రిపోర్టు రాయించాను. మర్నాడు ఆ అమ్మాయిని లినెన్ రూముకి పిలిచాను. "నేను అలా అని ఉండకూడదు, కానీ నువ్వు కూడా..." అని మొదలుపెట్టబోయి ఆగాను. ఆ "కానీ" వచ్చిందంటే అది క్షమాపణ కింద లెక్కకు రాదు. "అటెండర్ల ముందు నీ చదువు గురించి అన్న మాట తప్పు. నీకు నాతో చెప్పుకునే ధైర్యం పోయింది దానివల్లే. క్షమించమ్మా" అన్నాను. ఆ అమ్మాయి దుప్పట్ల వైపు చూస్తూ "పర్లేదు మేడమ్" అంది. పర్లేదని ఆ మొహంలో నాకేమీ కనిపించలేదు. అయినా వదిలేశాను. ఒక్కరోజులో నమ్మకం తిరిగొస్తుందనుకోకండి. సెలైన్ మాట నేను అన్నది అందరి ముందు కాబట్టి, తర్వాతి హ్యాండోవర్‌లో అందరి ముందూ ఇంకోసారి చెప్పాను. గొంతు వణికింది.

పది రోజులకి, మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి, నా చెవులు వేడెక్కే వేళకే ఆ అమ్మాయి వచ్చి టేబుల్ పక్కన నిలబడింది.

"మేడమ్, మీకొకటి చెప్పాలి. మీకు నచ్చదు."

పెన్ను కింద పెట్టాను. "చెప్పమ్మా."

మూడు నెలలుగా స్టోర్ నుంచి ఎర్ర మూత సిరంజీలు, నారింజ మూత సిరంజీలు ఒకే డబ్బాలో కలిపి వస్తున్నాయట. నైట్‌లో లైట్లు తగ్గించాక రెండు రంగులూ ఒకలాగే కనిపిస్తాయట. వార్డులో నాకు తప్ప అందరికీ తెలుసు.